తాయెత్తు బిగువు

ఈ కాటా రైసుమిల్లుది. గడప దాటకముందే పోల్చుకున్నాను. ఇందుకూరుపేట హైస్కూలుకు మనుషుల్ని తూచే కాటా ఎక్కడినుంచి వస్తుంది, వడ్ల బస్తాలు తూచేదాన్నే బండి మీద వేసుకొచ్చి సైన్సు గదిలో అస్థిపంజరం బొమ్మ పక్కన దించారు, పలక అంచున ఇంకా ఊక అంటుకునే ఉంది. మిల్లు కాటా సంగతి నాకు ఒకరు చెప్పాలా? మా వడ్లు ఇంటి దగ్గర తూస్తే ఒక తీరు, మిల్లులో తూస్తే ఒక తీరు, ఎప్పుడు తూచినా తక్కువే. దాన్ని మా నాయన తిట్టని తిట్టు లేదు, ఆయన పోయాక ఆ తిట్లన్నీ నాకు వచ్చాయి. అలాంటిది ఇవాళ దాని ముందు చేతులు కట్టుకుని కూర్చుని, తల్లీ, నువ్వు దొంగదానివే అయ్యుండు, ఈ ఒక్క పూటకు నీ గుణం మార్చుకోకు అని మొక్కుకుంటున్నాను. నవ్వొస్తోంది గానీ నవ్వితే పెదవి పగులుతుంది, నిన్న మధ్యాహ్నం నుంచి నీళ్లు ముట్టలేదు. ఈ బరువులెత్తే పోటీలో ఒంటి బరువును బట్టి తరగతులు, నాది డెబ్బై అయిదు కేజీల తరగతి, దానికి పిసరంత మించి తూగానంటే పైతరగతిలోకి తోసేస్తారు. పైతరగతిలో అల్లాబక్షు ఉన్నాడు. ఒక్కో తరగతిలో మొదటివాణ్ణి రైల్వే జట్టుకు తీసుకుంటారట, బిట్రగుంట షెడ్డులో ఉద్యోగం, ఉండటానికి ఇల్లు. వచ్చే ఏడు నాకు వయసు మీరిపోతుంది. అంటే ఇవాళే. ఇవాళ తప్పితే మళ్లీ అల్లూరు వెళ్లి, ఉప్పుటేరు పొంగి చౌడుబారిపోయిన ఆ కౌలు చేలోనే పడి ఉండాలి, గింజ పట్టని వరి కోసుకుంటూ.

ఆ అల్లాబక్షే నా పక్కన కూర్చుని గోలీసోడా తాగుతున్నాడు. వాడికేం, వాడి తరగతికి వాడు ఇంకా రెండు కేజీలు తక్కువున్నాడు, ఎంతైనా తాగొచ్చు. గోలీ టక్కుమన్నప్పుడు నా గొంతులో ఏదో కదిలింది. నా ముందే తాగాలా? బయటికి పోయి తాగలేడా? వాడి నాయనే పంపించి ఉంటాడు, పోయి చెంచురామయ్య పక్కన కూర్చుని తాగు, వాడికి నోరూరితే గుక్కెడన్నా తాగుతాడు అని. ఛీ, అదేం ఆలోచన, నేను తాగితే పైతరగతిలోకి వెళ్తాను, అప్పుడు వీడికే నష్టం, మరి నా ముందు తాగడంలో వీళ్లకు లాభమేముంది? లాభం లేదు. లాభం లేకపోయినా అనుమానం మాత్రం వచ్చింది, అది వచ్చేముందు నన్ను అడిగి రాదు. నా పెళ్లాం పెంచలమ్మ ఎప్పుడూ అంటుంది, నీకు కాకి ఎగిరిపోయినా అది ఎవరు తోలితే ఎగిరిందో కావాల అని. కావాలి మరి. తోలకుండా కాకి ఎందుకు ఎగురుతుంది?

నన్ను కిందికి దిగమన్నది ఉస్తాదు. మహబూబ్ బాషా అంటే అల్లూరు చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు, వయసులో ఉన్నప్పుడు కుస్తీలు పట్టాడు, ఇప్పుడు తాలింఖానాలో ఇనుపకడ్డీకి చక్రాలు తగిలించి మాలాంటివాళ్ల చేత ఎత్తిస్తాడు, పగలు పెట్టెలకు రేకులు కొట్టుకుంటాడు. అల్లాబక్షు ఆయన ఒక్కగానొక్క కొడుకు. నిరుడు కావలిలో మేమిద్దరం ఒకే తరగతిలో దిగాం, వాడు మొదట, నేను తర్వాత. తర్వాత అంటే ఏమంత తేడా, చివరి ఎత్తులో నా మోకాలు వణికింది, అంతే. వణక్కపోతే? ఆ సంగతి నాకు తెలుసు, వాడికీ తెలుసు, వాళ్ల నాయనకు ఇంకా బాగా తెలుసు. ఈ ఎండాకాలం మొదట్లో ఉస్తాదు నన్ను పక్కకు పిలిచి, నా నడుం పట్టి చూసి, "చెంచూ, నువ్వు కింద తరగతికి దిగాల బేటా. నీ ఒంట్లో తియ్యదగ్గ కొవ్వుండాది. కొవ్వు పోవాల, కండ పోకూడదు. అట్టా దిగినావంటే కింద నీకు ఎదురుండడు" అన్నాడు. ఎంత తియ్యగా చెప్పాడు! నేను తలూపాను. తాలింఖానా నుంచి ఇల్లు చేరేలోపలే నాకు తోచింది, కింద నాకు ఎదురుండడు సరే, నేను కిందికి పోతే పైన ఆయన కొడుక్కూ ఎదురుండడు గదా. నాకెవరూ చెప్పలేదు, ఎవరూ చెవిలో ఊదలేదు, నా అంతట నాకే తోచింది. ఆ రోజు నుంచి ఆయన పెట్టిన ప్రతి గుడ్డులోనూ ఆ మాటే కనిపించింది నాకు. అయినా తిన్నాను. దిగనని చెప్పొచ్చు గదా? చెప్పలేదు. ఆయన చెప్పింది నిజమే అయితే? కింద నిజంగానే ఎదురు లేకపోతే, నా అనుమానంతో బిట్రగుంటను నేనే కాలదన్నుకున్నట్టు గదా?

గుమస్తా ఎవరినో పిలిచాడు, నన్ను కాదు. కావలి కుర్రవాడు కాటా ఎక్కాడు, గుమస్తా గుండు జరిపాడు, దూలం ఊగి నిలబడింది, సరిపోయింది పో అన్నాడు. నేను మెడ సాచి చూశాను, ఆ అంకె ఆయన చదివినదేనా అని. అదే. నాకంటే ముందు ఇంకా చాలామంది ఉన్నారు. చింతపిక్క నోట్లో ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చాను, ఉమ్మి ఊరితే తుండుగుడ్డలో ఉమ్మాలి, అదీ బరువే గదా. ఎన్ని పాట్లు పడ్డాను! పొద్దున్నే ఇసకపల్లి రేవు దగ్గర తడి ఇసకలో గొంగడి కప్పుకుని పరుగెత్తడం, వలలు లాగే పట్టపు వాళ్లు నన్ను చూసి, ఏమబ్బయ్యా చలిజ్వరమా అని నవ్వడం, నేను గొంగడి లోపల కాగుతూ, మీ వల లాగి చూపించనా అని మనసులో అనుకోవడం. ఆ తర్వాత కడ్డీ. కడ్డీ మానకూడదు, అది ఉస్తాదు గట్టిగా చెప్పాడు. తిండి తగ్గించి బరువెత్తడం మానితే ఒంట్లోంచి ముందు పోయేది కండేనట, ఒళ్లు సోమరిది, వాడని దాన్ని ముందు తినేస్తుందట. "బువ్వ తగ్గించు, చేప తగ్గించబాక. ఎత్తేది ఎత్తు. తొందరపడబాక, మెల్లిగా దిగు" అనేవాడు. రాత్రిపూట అన్నం లేదు. నెల్లూరు మొలగొలుకులు పండే నేల మీద పుట్టి రాత్రిపూట అన్నం లేకుండా పడుకోవడం అంటే ఏమిటో ఎవరికి చెప్పను? సొరచేపను పొడిపొడిగా వండిన సొరపుట్టు, ఉడకబెట్టిన ఉలవలు, మజ్జిగ, ఉస్తాదు ఇంటినుంచి వచ్చే కోడిగుడ్లు. పక్కింట్లో వార్చిన గంజి వాసన వస్తే మంచం మీద ఇటునుంచి అటు దొర్లేవాణ్ణి. అన్నం తినని ఒంట్లో బలం నిలుస్తుందా? నిలవదని మా అమ్మ, నిలుస్తుందని ఉస్తాదు. అమ్మకు నా మీద పక్షపాతం ఉంది, ఉస్తాదుకు కొడుకు మీద ఉంది. ఎవరి మాట నమ్మాలి?

అందుకే నా కొలత నేను పెట్టుకున్నాను. మొదటిరోజే ఉస్తాదు తల్లి బడేబీ, అంత పండుముసలిది, కళ్లు సరిగా కనపడవు, నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఏదో చదివి ఊది కుడిచేతి దండకు నల్లతాడుతో దర్గా తాయెత్తు కట్టింది, దిష్టి తగలకుండా. ఆమె కట్టింది దిష్టికే. నాకు మాత్రం ఇంకోటి తోచింది. మొలతాడు నడుం మీద ఉంది, తాయెత్తు దండ మీద ఉంది. మొలతాడు జారితే కొవ్వు పోతున్నట్టు. తాయెత్తు జారితే కండ పోతున్నట్టు. ఎవరి పక్షపాతం లేని కొలత, తాడుకు కొడుకులున్నారా? రోజూ పొద్దున లేవగానే ముందు మొలతాడు కింద వేలు పెట్టి చూసుకునేవాణ్ణి, ఒక వేలు, తర్వాత రెండు వేళ్లు, ఆ తర్వాత పిడికిలి పట్టింది. తర్వాత తాయెత్తు. గట్టిగా ఉంది. మర్నాడు చూసినా గట్టిగానే ఉంది. వారాలు గడిచినా దాని బిగువు దానిదే. అప్పుడు మాత్రమే మనసు కుదుటపడి చెంబు తీసుకుని బయటికి పోయేవాణ్ణి. ఉస్తాదు కూడా శుక్రవారం నమాజు నుంచి వచ్చాక నా దండను తన అరచేత్తో పట్టి చూసేవాడు. చూసి హుం అనేవాడు. ఆ హుం ఏమిటి? బాగుంది అనే హుమ్మా, అయిపోయావు అనే హుమ్మా? ముఖం చూస్తే ఏమీ తెలియదు, అటు తిరిగి అల్లాబక్షును ఇంకో చక్రం ఎక్కించమనేవాడు.

పెంచలమ్మ సంగతి వేరు. నాకు అక్క కూతురు, చిన్నప్పటినుంచి చూసినదాన్నే చేసుకున్నాను, అయినా మనిషి లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? ఉద్యోగం వస్తే బిట్రగుంట పోదామని చెప్పినప్పుడు, ఆ బొగ్గుపొగలో నాట్లు యాడుంటాయి మామా అని నవ్వింది. నవ్వు మాటున ఏముంది? ఈమెకు నాట్లంటే ప్రాణం. వరసలో వంగి నాటేటప్పుడు ఆ పాటలు, ఆ ఎగతాళి మాటలు, ఆ ఆడవాళ్లందరిలోకీ ఈమె చెయ్యి వడి. వాళ్లను వదిలి రావడం ఇష్టం లేదేమో. నన్ను ఆపాలంటే ఈమెకు కత్తులూ కటార్లూ అక్కర్లేదు, గరిటె చాలు. ఒకరోజు ఉలవకట్టు చిక్కగా ఉంది. ఎందుకింత చిక్కగా ఉంది, గంజి కలిపావా అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, ఆ గిన్నె ఎత్తుకుని సగం తానే తాగేసి, గంజి తగిలితే నువ్వే చెప్పు అని మిగిలింది నా ముందు పెట్టింది. గంజి తగల్లేదు. తగలనంత తక్కువ కలిపిందేమో. ఇంకోరోజు సాయంత్రం నేను తాలింఖానా నుంచి వచ్చేసరికి ఈమె, బడేబీ బావి దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే ఆపేశారు. బడేబీకి కళ్లు సరిగా కనపడవు గదా, నేను వచ్చింది ఎట్లా తెలిసింది? ఈమె సైగ చేసి ఉండాలి. ఏందా మాటలు అంటే, ఆడోళ్లమాటలు అంది. ఆ ఇంటి ముసలామెకూ నా ఇంటి మనిషికీ నాకు చెప్పకూడని మాటలు ఏముంటాయి? ఆ రాత్రి సొరపుట్టు నాలుగుసార్లు వాసన చూసి తిన్నాను. దీపం వెలుతురులో ఆమె కళ్లు తడిగా ఉన్నట్టు అనిపించింది, మిరపకాయల పొగ అనుకున్నాను.

చొక్కా విప్పండి, వరస దగ్గరికొచ్చినవాళ్లు సిద్ధంగా ఉండండి అని గుమస్తా అరిచాడు. చొక్కా విప్పాను. ఒళ్లంతా ఎండిన తోలులా ఉంది. అలవాటు కొద్దీ చెయ్యి తాయెత్తు మీదికి పోయింది, గట్టిగానే ఉంది, తాడును కొంచెం తిప్పాను, చంకవైపు ఉండే ముడి పైకి వచ్చింది. ముడి చూశాను. చూసి, మళ్లీ చూశాను. బడేబీ ముడి ఇది కాదు. బడేబీ వణికే చేతులతో ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకోటి, గోలీకాయ అంత బొప్పి కట్టింది, పడుకుంటే ఒత్తుకునేది. ఇది చదునుగా ఉంది. పురి పెట్టి, కొస కిందనుంచి దోపిన ముడి. ఈ ముడి నాకు తెలుసు. నారుమడిలో నారు పీకి కట్టలు కట్టే ఆడవాళ్లు వేసే ముడి, పురిపెట్టి దోపేస్తారు, మోసేటప్పుడు ఊడదు, నాటేటప్పుడు ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది. పెంచలమ్మ ముడి.

గదిలో చప్పుళ్లన్నీ దూరమైపోయాయి. ఎప్పుడు కట్టింది? నేను నిద్రపోతున్నప్పుడే, ఇంకెప్పుడు. ఎందుకు కట్టింది? ఇంకెందుకు, తాయెత్తు వదులైంది గనక. వదులైతే నేను చూసుకుంటాను, చూసుకుంటే ఆపేస్తాను, ఆపకుండా ఉండాలంటే బిగించాలి. ఎన్నిసార్లు బిగించిందో! ప్రతి పొద్దునా నేను వేలు పెట్టి చూసుకుని పొంగిపోయిన బిగువు ఈమె రాత్రిపూట తెచ్చిపెట్టిన బిగువన్నమాట. అయ్యో, నా దండ! మొలతాడూ జారింది, దండా జారింది, కొవ్వుతో పాటే కండా పోయింది, నేను మాత్రం తాడును నమ్ముకుని గొంగడి కప్పుకుని పరుగెత్తుతూనే ఉన్నాను. మొన్న మంగళవారం కడ్డీ బరువుగా అనిపించలేదూ? అనిపించింది. మెట్లెక్కుతుంటే కళ్లు తిరగలేదూ? తిరిగాయి. ఇంకేముంది, అంతా ఒక్కటే దారం, బావి దగ్గర ఆ ముసలామె, ఈమె, ఆ శుక్రవారం హుం, అందరూ కలిసి నన్ను పొట్టు చేసి ఈ కాటా మీదికి తోలుకొచ్చారు. సాయంత్రం అంతమంది ముందు కడ్డీ పట్టుకుని లేవలేక కూలబడతాను, వాళ్ల అల్లాబక్షు పైన దర్జాగా గెలుస్తాడు, పెంచలమ్మ తన నాట్లకు తాను పోతుంది. ఏడుపు రావాలి, ఒంట్లో నీళ్లు లేవు, ఏడుపు కూడా రాలేదు. లేచాను. ఎక్కడికి, అన్నా? అని అల్లాబక్షు అడిగాడు. నీకెందుకు అన్నాను.

వరండా చివర గానుగచెట్టు నీడలో పెంచలమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో చెంబు, పక్కన క్యారియరు. తూకం అవగానే నేను తాగడానికి, తినడానికి. నన్ను చూసి లేచి చెంబు ముందుకు చాచింది, "అయిపోయిందా మామా?" అంటూ. నేను చెంబు లాక్కుని చెయ్యి ముందుకు చాపాను. "ఏమ్మే, ఈ ముడి ఎవురిది?"

ఆమె చూసింది. దాచాలని కూడా ప్రయత్నించలేదు. "నాదే" అంది.

"నిద్దరలో కట్టినావా?"

"కట్టినా. మూడుసార్లు కట్టినా."

మూడుసార్లు. "ఎంత జారినాది?" అన్నాను, "చెప్పు, ఎంత కరిగిపోయినాది నా చెయ్యి?"

"జారడమేంది?" ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "తాడు కోసుకోని పోతా ఉండింది మామా. నిద్దరలో నీ అరచెయ్యి నల్లంగా అయిపోయి, మంచులో పెట్టినట్టు సల్లంగా ఉండింది. నాకు బయమేసినాది. దర్గా తాయెత్తు, నేను విప్పొచ్చో లేదో తెలవదు, బడేబీ అవ్వనడిగితే, వదులు చేసి కట్టమ్మా, తప్పులేదు అనింది. కట్టినా. మళ్లా వారానికి బిగిసినాది. మళ్లా కట్టినా. కొసలు చూసినావా? మొదట బొటనేలంత ఏలాడతా ఉండె, ఇప్పుడు దోపేదానిక్కూడా చాలకుండా ఉండాయి."

కొసలు చూశాను. గోరంత ఉన్నాయి. ముడి చూశాను గానీ కొసలు చూడలేదు. బిగించి ఉంటే కొసలు పొడుగవ్వాలి గదా, ఇంత చిన్న సంగతి, నారుకట్టలు మోసి పెరిగినవాణ్ణి, నాకు తట్టలేదు. చెయ్యి పెరిగింది. కడుపు మాడ్చుకుని, రాత్రిపూట గంజి వాసనకు దొర్లి దొర్లి పడుకున్న ఈ ఒంట్లో చెయ్యి పెరిగింది. ఎడమచేత్తో దండ పట్టి చూసుకున్నాను, ఇన్నాళ్లూ తాడునే పట్టి చూశాను, దండను ఒక్కసారైనా పట్టుకున్నానా? రాయిలా ఉంది. "మరి నాకు చెప్పొచ్చు గదమ్మే" అన్నాను.

"చెప్తే నమ్మిందువా?" అంది. కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "నీ చెయ్యి పెరగతా ఉండాది మామా అంటే, ఇది నాకెందుకు చెప్తా ఉండాది, దీని ఎనక ఏముండాది అని రెండు రోజులు అన్నం, కాదులే, ఉలవలు మానుకోనుందువు. కట్టి ఊరుకున్నా."

సిగ్గేసింది. పచ్చిగా, ఒళ్లంతా సిగ్గేసింది. ఆమె తాగి చూపించిన ఆ ఉలవకట్టు గిన్నె గుర్తొచ్చింది, నేను వాసన చూసి చూసి తిన్న సొరపుట్టు గుర్తొచ్చింది. ఇన్ని నెలలూ ఈ మనిషి నా అనుమానాలన్నిటికీ వండిపెట్టింది. ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను, నలుగురూ చూస్తున్నారు, ఊరుకున్నాను. ఊరుకున్న ఆ క్షణంలోనే, చూడు నా బుద్ధి, ఇంకో సంగతి పాములా తలెత్తింది. చెయ్యి పెరిగిందంటే బలం పెరిగింది. పెరిగిన సంగతి తాడుకు తెలుసు, పెంచలమ్మకు తెలుసు, ప్రతి శుక్రవారం అరచేత్తో పట్టి చూసిన ఉస్తాదుకు తెలియదా? ఆ హుం ఇదన్నమాట. నిరుడు మోకాలు వణికిన తేడాతో ఓడినవాణ్ణి, ఈ చేత్తో పైనే ఉండి ఉంటే అల్లాబక్షును ఎత్తి పక్కన పెట్టేవాణ్ణి. తెలిసీ దించాడు. తెలిసీ దించుతూనే పోయాడు. నా చేతిలో చెంబు నిండా నీళ్లున్నాయి. ఈ చెంబు తాగానంటే డెబ్బై అయిదు దాటుతాను, గుమస్తా నన్ను పైన రాసుకుంటాడు, సాయంత్రం చూసుకోవచ్చు ఎవరు ఎవరో. నీళ్లు చల్లగా ఉన్నాయని ఇత్తడి మీదినుంచే తెలుస్తోంది. చెంబు నోటిదాకా వచ్చింది.

ఉస్తాదు వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. చెంబును చూశాడు, నా ముఖం చూశాడు. పరుగెత్తుకొచ్చి లాక్కుంటాడనుకున్నాను, లాక్కోలేదు.

"ఉస్తాదూ" అన్నాను. "నన్ను దించింది నీ కొడుకు కోసమేనా?"

ఇన్ని నెలలుగా నా గొంతులో అడ్డంపడ్డ మాట, అనేశాక చూస్తే ఎంత చిన్నమాట!

"అవును" అన్నాడు. ఒక్కసారి కూడా తడబడలేదు. "వాడి కోసమే. నువ్వు పైన ఉంటే వాడు గెలవడు. నాకు వాడొక్కడే గదరా. ముందు వాణ్ణే దిగమన్నా, వారం ఆకలికి ఆగలా, వాళ్లమ్మ ఒళ్లో తలబెట్టి ఏడిసినాడు. నువ్వు ఆగుతావని తెలుసు. నిన్ను దించినా." చెంబు వంక మళ్లీ చూసి, "నీకు అనుమానం ఉండాదని కూడా తెలుసు బేటా. ఒక్కరోజు అడుగుతావని చూస్తా ఉన్నా. ఎందుకు అడగలా?" అన్నాడు.

"అడిగితే చెప్పుందువా?"

"ఇప్పుడు చెప్పలేదూ?"

నా అనుమానం నిజమైంది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను అనుకున్నది అనుకున్నట్టు నిజమైంది, గంతులెయ్యాలి, లేకపోతే ఈయన మెడ పట్టుకోవాలి. రెండూ రాలేదు. ఆయన ఇంటి గుడ్లు నా ఒంట్లో ఉన్నాయి, ఈ చెయ్యి ఆయన పెంచిందే, కొడుకు దారిలోంచి తప్పించడానికి నన్ను దించినవాడు దించుతూ నన్ను కొంచెం కూడా పాడుచెయ్యలేదు. పాడుచేసి ఉంటే సుఖంగా తిట్టుకునేవాణ్ణి. లోపలినుంచి గుమస్తా కేకేశాడు, "అల్లూరు చెంచురామయ్య!" మళ్లీ కేకేశాడు. చెంబు ఇంకా చేతిలోనే ఉంది. తాగితే అల్లాబక్షు ఓడిపోతాడు. వాడు లోపల కిటికీలోంచి చూస్తున్నాడు, వాడి చేతిలో సోడా సగంలో ఆగిపోయింది, వాడికి తెలిసిపోయింది, పెద్దశరీరంలో పిల్లవాడి ముఖం పెట్టుకుని చూస్తున్నాడు. వాణ్ణి ఓడించడం నాకు ఎందుకు? నాకు కావలసింది బిట్రగుంట. కింద గెలిస్తే కింద ఉద్యోగం ఉంది. గెలిస్తే. అదొక్కటే ఇంకా తేలలేదు.

"ఇంకొకటి అడుగుతా" అన్నాను. "కింద నాకు ఎదురుండడని అంటివే. ఆ మాట నిజమేనా? నేను గెలుస్తానా?"

ఉస్తాదు నా దండ వైపు చూశాడు, పట్టుకోలేదు. "తెలవదు" అన్నాడు. "నీకు ధైర్యం చెప్పాలని అట్టా అన్యా. గూడూరు నుంచి ఒకడొచ్చినాడు, పొద్దున చూసినా, గట్టివాడే. గెలవాలని రోజూ నమాజులో అడగతా ఉన్నా. ముందు నీ పేరే అడిగినా, నీకు చేసింది తెలుసు గదా నాకు. తెలవదురా."

గెలుస్తావు పో అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. తప్పకుండా, ఖాయంగా, అల్లా మీద ఒట్టు అని ఉంటే చెంబు ఎత్తి అక్కడే తాగేవాణ్ణి. తెలవదు అన్నాడు. ఆ మాట వెనక ఏముందా అని వెతికాను, పాత అలవాటు గదా, వెతికితే ఏమీ దొరకలేదు, కళ్లకింద నలుపెక్కిన, నిద్రలేని ముసలిముఖం తప్ప. పెంచలమ్మకు చెంబు ఇచ్చేశాను. ఆమె నీళ్లు తొణక్కుండా పట్టుకుంది.

లోపలికి పోయి కాటా ఎక్కాను. పలక కాళ్లకింద చల్లగా ఉంది. గుమస్తా గుండు అటు జరిపాడు, ఇటు జరిపాడు, దూలం లేచింది, పడింది, మళ్లీ లేచింది. మెడ వంచితే అంకె కనపడుతుంది, వంచలేదు, అస్థిపంజరం బొమ్మ పళ్లకేసి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో. "సరిపోయింది, దిగు" అన్నాడు గుమస్తా. దిగాను. అల్లాబక్షు దారిలో లేచి నిలబడి అన్నా, అన్నాడు. సాయంత్రం నా చక్రాలు నువ్వే ఎక్కించాల అన్నాను, తల ఊపాడు.

గానుగచెట్టు కింద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాను. సగం గొంతులోకి, సగం రొమ్ము మీదికి. పెంచలమ్మ తన పైటకొంగుతో నా మెడ తుడుస్తూ, "సాయిబు ఏమన్యాడు?" అని అడిగింది.

"గెలుస్తానో లేదో తెలవదు అన్యాడు."

"నమ్మినావా?"

"నమ్మినా."

ఆమె చెయ్యి ఆగింది. నన్ను కొత్తగా చూసింది, ముఖంలో నవ్వు రాబోతోందో ఏడుపు రాబోతోందో నాకు తెలియలేదు, అడిగితే చెబుతుంది గదా, అడిగాను, "ఏమ్మే, ఏడస్తా ఉండావా?" అని.

"ఊఁ" అంది, క్యారియరు మూత తీస్తూ.